ఫోర్క్‌లిఫ్ట్ మొరాయిస్తే ముందు ఏది తీయాలి: మీటరా, హ్యాండ్‌సెట్టా?

"అన్నా, హ్యాండ్‌సెట్ కొనమంటావా, మంచి మీటర్ కొనమంటావా?"

చెన్నై చుట్టుపక్కల గుమ్మిడిపూండి, రెడ్‌హిల్స్, మాధవరం గోడౌన్లలో బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్‌లు రిపేరు చూసే కుర్రాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మీటర్ అంటే వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్. హ్యాండ్‌సెట్ అంటే బండి కంట్రోలర్‌కు, అంటే మోటార్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెకు, తగిలించి ఫాల్ట్ కోడ్‌లు చదివే చేతి పరికరం. వీళ్ళలో చాలామంది తడ, సూళ్ళూరుపేట నుంచి పొద్దున్నే లోకల్ ట్రైన్ ఎక్కి వచ్చేవాళ్ళు. పనిలో చేరిన కొత్తలో రెండూ ఒకేసారి కొనే స్తోమత ఎవరికీ ఉండదు. పైగా, వీటితో పనేముంది, పక్క బండిలోని పార్టు పీకి ఇందులో వేసి చూస్తే సరిపోదా అనే సీనియర్లు ప్రతి గోడౌన్‌లోనూ ఉంటారు. అందుకే ఈ మూడు దారులనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. 48 వోల్టుల లెడ్ యాసిడ్ బండిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ఇక్కడ మనకు రోజూ ఎదురయ్యేది అదే కాబట్టి.

మొదట హ్యాండ్‌సెట్ గురించి. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఏసీ మోటార్ బండిలో ఎన్‌కోడర్ (మోటార్ ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సెన్సర్) సిగ్నల్ పోతే దాన్ని మీటర్‌తో పట్టుకోవడం పెద్ద తలనొప్పి, హ్యాండ్‌సెట్ ఒక్క నిమిషంలో చెబుతుంది. సీటు స్విచ్, బ్రేక్ స్విచ్, ముందుకు వెనక్కు స్విచ్‌లు ఆన్‌లో ఉన్నాయో ఆఫ్‌లో ఉన్నాయో, యాక్సిలరేటర్ ఎంత శాతం చూపిస్తోందో మానిటర్ మెనూలో కళ్ళ ముందు కనిపిస్తుంది. కీ తిప్పకముందే పెడల్ మీద కాలు పెట్టే డ్రైవర్ల వల్ల వచ్చే సీక్వెన్స్ ఫాల్ట్ కూడా అంతే. ఏమీ విప్పనక్కర్లేదు, డ్రైవర్‌కు ఒక మాట చెబితే చాలు. అప్పుడప్పుడూ వచ్చి పోయే ఫాల్ట్‌కైతే హిస్టరీ మెనూ నిజంగా వరం. మనం వెళ్ళేసరికి బండి బాగానే తిరుగుతున్నా, రాత్రి షిఫ్ట్‌లో ఏం జరిగిందో అది దాచి ఉంచుతుంది.

చిక్కు ఏమిటంటే కర్టిస్, జాపీ అనేవి రెండు వేర్వేరు కంట్రోలర్ కంపెనీలు. కర్టిస్ హ్యాండ్‌సెట్ జాపీ కంట్రోలర్‌ను చదవదు, జాపీది కర్టిస్‌ను చదవదు. నాలుగు రకాల బండ్లు ఉన్న గోడౌన్‌లో ఒక్క హ్యాండ్‌సెట్ జేబులో పెట్టుకుని తిరిగితే సగం బండ్ల దగ్గర ఉత్త చేతులతో నిలబడాలి. అదీగాక, హ్యాండ్‌సెట్ లేకపోయినా చాలా కంట్రోలర్ల మీద లైటు మిణుకుతూ కోడ్ ఇస్తుంది. కర్టిస్ 1236, 1238 మోడళ్ళలో 23 వస్తే వోల్టేజీ తగ్గిందని, 38 వస్తే మెయిన్ కాంటాక్టర్ (బ్యాటరీ కరెంటును కలిపే, విడదీసే పెద్ద స్విచ్) అతుక్కుపోయిందని, 39 వస్తే అది మూసుకోలేదని అర్థం. ఈ కోడ్‌లు ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి.

కానీ నా దృష్టిలో అసలు సంగతి ఇవేవీ కావు. కోడ్ మనకు చెప్పేది కంట్రోలర్‌కు ఏం కనిపించిందో, అంతవరకే. అలా ఎందుకు కనిపించిందో అది చెప్పదు. ఫోర్క్‌లిఫ్ట్‌లో ఆ "ఎందుకు" అనేది ఎక్కువసార్లు వదులైన జాయింట్‌లో, కాలిన కనెక్టర్ పిన్నులో, తెల్లటి పొడి పట్టిన లగ్గులో (కేబుల్ కొనకు ఉండే లోహపు బిళ్ళలో) దాగి ఉంటుంది. దాన్ని బయటపెట్టేది లోడ్ మీద చూసే వోల్టేజీ డ్రాప్, అంటే బండి పనిచేస్తున్నప్పుడు ఆ జాయింట్ దగ్గర పోయే వోల్టేజీ, ఒక్కటే.

నా అనుభవం ఒకటి చెబుతాను. రెడ్‌హిల్స్ అవతల ఒక గోడౌన్‌లో ఒక బండి రాత్రంతా చార్జింగ్‌లో ఉండేది. ఉదయం బాగానే పనిచేసి, 11 గంటలయ్యేసరికి లిఫ్ట్ ఆగిపోయేది. డిస్‌ప్లేలో చార్జ్ అయిపోయిందని వచ్చేది. హ్యాండ్‌సెట్ పెడితే అందులోనూ చార్జ్ 0 శాతం. డిస్‌ప్లే, హ్యాండ్‌సెట్ రెండూ ఒకే మాట చెబుతున్నాయి కదా అని బ్యాటరీ పోయిందని అందరూ తేల్చేశారు. కొత్త బ్యాటరీకి కొటేషన్ కూడా తెప్పించారు. నాకు మాత్రం హైడ్రోమీటర్ దగ్గర అనుమానం వచ్చింది. లిఫ్ట్ ఆగిపోయిన సమయంలోనే సెల్స్‌లో గ్రావిటీ, అంటే హైడ్రోమీటర్ చూపించే యాసిడ్ చిక్కదనం, 1.230 దగ్గర ఉంది. నిండా చార్జ్ అయిన సెల్ 1.280 దగ్గర, 80 శాతం ఖాళీ అయిన సెల్ 1.140 దగ్గర ఉంటుంది. అంటే ఆ బ్యాటరీలో దాదాపు మూడింట రెండు వంతుల చార్జ్ ఇంకా మిగిలే ఉంది!

డ్రైవర్‌ను సీట్లో కూర్చోబెట్టి, మాస్ట్ (సరుకును పైకి లేపే నిలువు చట్రం) కింద, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, చార్జ్ సూచీ రీసెట్ అయ్యాక లోడ్‌తో లిఫ్ట్ చేయించాను. లేస్తున్న ఆ కొద్ది క్షణాల్లో బ్యాటరీ పోస్టుల (టెర్మినళ్ళ) మీద 46.6 వోల్టులు. మళ్ళీ లిఫ్ట్ చేయించి కంట్రోలర్ టెర్మినళ్ళ దగ్గర చూస్తే 42.3. మధ్యలో 4.3 వోల్టులు ఎటు పోయాయి? మీటర్ ప్రోబులు రెండూ పాజిటివ్ లైన్ మీదే, కనెక్టర్‌కు ఇటొకటి అటొకటి పెట్టి చూస్తే, ఆ ఒక్క పిన్ను దగ్గరే 3.3 వోల్టులు.

లిఫ్ట్ పంపు 200 ఆంపియర్లు లాగుతోంది. 3.3 ఇంటూ 200 అంటే 660 వాట్లు. ఇంట్లో ఇస్త్రీ పెట్టె కంటే కొంచెం తక్కువ వేడి, ఒక్క పిన్నులో! విప్పి చూస్తే స్ప్రింగ్ పట్టు పోయి పిన్ను నల్లబడింది, చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. డిస్‌ప్లే వోల్టేజీని కనెక్టర్ తర్వాత చదువుతుంది. ప్రతి లిఫ్ట్‌కూ వోల్టేజీ అలా పడిపోతుంటే బ్యాటరీ ఖాళీ అయిపోతోందని అది లెక్క వేసుకుంది. పిన్నులు మార్చాం, కొటేషన్ పక్కన పెట్టారు.

ఇదే కనెక్టర్‌ను మీటర్ బీప్ మోడ్‌లో, అంటే లైన్ తెగలేదని శబ్దంతో చెప్పే మోడ్‌లో, పెట్టి చూస్తే ఏమవుతుంది? చక్కగా బీప్ అంటుంది. 200 ఆంపియర్ల దగ్గర 3.3 వోల్టులు తినే జాయింట్ రెసిస్టెన్స్ 0.0165 ఓమ్. మీటర్ వైర్లకే 0.1 నుంచి 0.3 ఓమ్ దాకా ఉంటుంది, ఆ లెక్కలో ఇది కనిపించనే కనిపించదు. లోపల పది తీగలు మాత్రమే మిగిలిన కేబుల్ కూడా బీప్ అంటుంది. మీటర్ ఉన్నా ఫాల్ట్ దొరకలేదని చెప్పే కుర్రాళ్ళలో చాలామంది బండి ఆపి బీప్ చూస్తున్నవాళ్ళే. పవర్ కేబుళ్ళకు బీప్ మోడ్ పనికిరాదు. కరెంటు పారుతున్నప్పుడే చూడాలి.

నేను పెట్టుకున్న హద్దు ఇది: పూర్తి లోడ్ మీద ఒక జాయింట్ దగ్గర 0.1 వోల్టు లోపు ఉంటే వదిలేస్తాను. 0.3 దాటితే విప్పి శుభ్రం చేయకుండా ముందుకు కదలను. మెయిన్ కాంటాక్టర్ టిప్పులకూ, ఫ్యూజ్ బోల్టులకూ, నెగటివ్ వైపు లగ్గులకూ ఇదే వరస. పోస్టుల దగ్గరే వోల్టేజీ పడిపోతుంటే అప్పుడు బ్యాటరీ వైపు తిరగాలి. 24 సెల్స్‌నూ లోడ్ మీద ఒక్కొక్కటే చూస్తే మిగతావి 1.95 చూపిస్తున్న చోట 1.5కు జారిపోయే సెల్ దొరుకుతుంది.

బాడీ లీకేజీ సంగతి కూడా మీటరే చెబుతుంది. నవంబరు, డిసెంబరు వానల్లో మన వైపు గోడౌన్లు ఎలా చెమ్మగిల్లుతాయో తెలిసిందే. బ్యాటరీ పైన యాసిడ్ తడి మీద దుమ్ము పేరుకుంటే కరెంటు ఛాసిస్‌లోకి దారి చేసుకుంటుంది, సంబంధం లేని కోడ్‌లన్నీ వస్తాయి. ఒక ప్రోబు పాజిటివ్ మీద, ఇంకొకటి రంగు గీకిన ఛాసిస్ మీద పెట్టండి. గట్టిగా వోల్టేజీ చూపిస్తే ముందు మూతలన్నీ బిగించి, వంట సోడా నీళ్ళతో బ్యాటరీ పైభాగం కడిగి ఆరబెట్టండి. సెల్ లోపలికి చుక్క కూడా పోకూడదు.

జాగ్రత్తల్లో మాత్రం రాజీ పడొద్దు. ఉంగరం, కడియం, వాచీ తీసేయాలి. ట్రాక్షన్ (బండిని నడిపే మోటార్ వైపు) చూసేటప్పుడు డ్రైవ్ చక్రాలు నేల నుంచి లేపి, దిమ్మలు పెట్టాలి. కంట్రోలర్‌ను ముట్టుకునే ముందు బ్యాటరీ కనెక్టర్ తీసి, 100 ఓమ్‌లు, 25 వాట్ల రెసిస్టర్‌తో లోపలి కెపాసిటర్లను ఖాళీ చేయాలి. బ్యాటరీ తీసినా వాటిలో చార్జ్ మిగిలే ఉంటుంది.

ఇక పార్టు మార్చి చూడటం. ఒకేలాంటి బండ్లు రెండు ఉంటే సీటు స్విచ్, యాక్సిలరేటర్, కాంటాక్టర్ కాయిల్ వరకు ఫరవాలేదు, త్వరగా తేలిపోతుంది. కంట్రోలర్‌ను మాత్రం అలా మార్చొద్దు. మోటార్ షార్ట్ అయి మొదటి కంట్రోలర్ కాలి ఉంటే రెండోదీ అదే దారిన పోతుంది, ఆగిన బండి ఒకటికి రెండవుతాయి. ముందు మోటార్ కేబుళ్ళు విప్పి, బాడీకి షార్ట్ ఉందేమో చూడండి.

టెస్ట్ ల్యాంప్ ఫ్యూజులకు చాలు. కేబుల్ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్ ఉంటే మంచిదే, రెండో ఏడాది కొనుక్కోవచ్చు.

లిథియం బండి దగ్గర మాత్రం నా ఓటు మారుతుంది. చార్జ్ చాలా దూరం తగ్గేదాకా ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్ వోల్టేజీ దాదాపు ఒకేచోట నిలబడుతుంది, కాబట్టి మీటర్ చూసి చార్జ్ ఎంత ఉందో చెప్పలేం. బ్యాటరీని కాపలా కాసే ఎలక్ట్రానిక్ బోర్డు, బీఎంఎస్, తానే లైన్ కట్ చేస్తుంది. కారణం దాని డిస్‌ప్లేలోనో, సాఫ్ట్‌వేర్‌లోనో తప్ప బయట కనిపించదు. మీ గోడౌన్‌లో సగానికి పైగా లిథియం బండ్లే ఉంటే ముందు హ్యాండ్‌సెట్ వైపే వెళ్ళండి.

మిగతా వాళ్ళకు నా సలహా మీటరే. కరెంటు పారే చోట పెట్టేది కాబట్టి ఫ్యూజు సరైనది ఉన్నది, క్యాట్ 3 అనే భద్రతా రేటింగ్ ఉన్నది తీసుకోండి. రోడ్డు పక్కన అమ్మే పసుపు రంగు మీటర్ వద్దు. దాంతోపాటు రెండు మీటర్ల పొడవున్న ప్రోబు వైర్లు, కొనకు క్లిప్పులు ఉన్నవి అడగండి. బ్యాటరీ పోస్టు నుంచి కంట్రోలర్ దాకా అందాలంటే బాక్సులో వచ్చే వైర్లు చాలవు.