లోట్సె గ్రంథాలు: ఏవి కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

జర్మన్ ఈశ్వరవాద తత్త్వవేత్త హెర్మన్ లోట్సె (1817–1881) పుస్తకాలు కొనేవాళ్లు పొరబడేది పేర్ల దగ్గరే. 'లాజిక్' పేరుతో ఆయనవి రెండున్నాయి: 1843, 1874. 'మెటాఫిజిక్' (ఉనికి స్వభావాన్ని విచారించే తత్త్వశాస్త్రం) కూడా అంతే: 1841, 1879. తర్వాతి జత పాతవాటికి సవరించిన ముద్రణ కాదు, మళ్లీ మొదటినుంచి రాసినది. ఇంగ్లీషు తత్త్వవేత్త బోసాంకెట్ సంపాదకత్వంలో 1884లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఇంగ్లీషు అనువాదాలు ఈ తర్వాతి జతవే. కొనాల్సినవి అవి.

చదవడం మాత్రం 'మైక్రోకాస్మస్'తో మొదలుపెట్టాలి. 1856–64 మధ్య జర్మన్‌లో మూడు సంపుటాలుగా వచ్చింది. 1885 నాటి ఇంగ్లీషు అనువాదం రెండే సంపుటాలు. సంపుటం, పేజీ నోట్ చేసుకుంటే రెండో భాషలో ఆ చోటు దొరకదు. మొత్తం తొమ్మిది భాగాలు కాబట్టి భాగం, అధ్యాయం అంకెలు రాసుకోవడం మేలు.

చాలామంది నేరుగా తొమ్మిదో భాగం నాలుగో అధ్యాయానికి వెళ్తారు. దేవుడి వ్యక్తిత్వం గురించి లోట్సె రాసినవాటిలో అత్యుత్తమం అదే. 'నేను' ఉండాలంటే ఎదురుగా 'నేను కానిది' ఉండాలి, కనుక అనంతుడికి వ్యక్తిత్వం పొసగదు అన్నది అభ్యంతరం. లోట్సె జవాబు: తన స్థితిని తాను నేరుగా అనుభవించడమే 'నేను'కు మూలం. బయటి ప్రేరణ మనకు కావలసి రావడం మన పరిమితి వల్ల. పూర్ణమైన వ్యక్తిత్వం దేవుడిదే, మనది దాని మసక నకలు.

కానీ ముందు భాగాలు వదిలేసి ఇది చదివితే ఒక భక్తుడి కోరికలాగే వినిపిస్తుంది. లోట్సె వైద్యంలోనూ డాక్టరేట్ ఉన్నవాడు. మొదటి భాగంలో ప్రాణశక్తి అనే ప్రత్యేక శక్తిని తోసిపుచ్చి, శరీరాన్ని పూర్తిగా భౌతిక నియమాలకే అప్పగిస్తాడు. యాంత్రికత అంతటా ఉంది, అయినా అది సాధనం మాత్రమే అన్నది ఆయన పట్టు. రెండో భాగంలో, చైతన్యపు ఏకత్వం అనేక భాగాల కలయికతో పుట్టదని వాదిస్తాడు. ఈ రెండూ అయ్యాకే తొమ్మిదికి వెళ్లాలి. చరిత్ర, ప్రగతి గురించిన ఏడు, ఎనిమిది భాగాలు దాటేసినా వాదం తెగదు, పైగా వాటిలో పాతబడిపోయింది ఎక్కువ. తొమ్మిదిలోని అయిదో అధ్యాయం తప్పదు: చెడు ఎందుకున్నదో తనకు పరిష్కారం తెలియదని అక్కడ ఒప్పుకుంటాడు. ఆ నిజాయితీ కోసమైనా చదవాలి.

ఆ తర్వాత 1879 మెటాఫిజిక్. కష్టమైన పుస్తకం, మొదటి భాగం చివరి అధ్యాయాలే ప్రాణం. ఒక వస్తువు స్థితి దాన్ని విడిచి గాల్లో ప్రయాణించి మరోదాన్ని చేరలేదు. రెండూ ఒకే సత్తలో (అన్నిటికీ మూలమైన ఉనికిలో) భాగాలైతేనే పరస్పర ప్రభావం సాధ్యం. ఆ సత్తకు ఆయన వాడే గుర్తు 'ఎం' అన్న అక్షరం. ఇక్కడ దాన్ని దేవుడని తొందరపడి చదివితే వాదం చెడుతుంది. ఆ మెట్టుకు వేరే ఆధారాలు కావాలి.

1874 లాజిక్, 1879 మెటాఫిజిక్‌ల వరుసలో ఆయన తలపెట్టిన మూడో సంపుటం మరణంతో ఆగిపోయింది. అందుకే మత తత్త్వానికి క్లాసులో చెప్పి రాయించిన పాఠాలే దిక్కు. అమెరికన్ తత్త్వవేత్త జార్జ్ లాడ్ వాటిని ఇంగ్లీషు చేశాడు. చిన్నవి, పొడిపొడివి. వాదన మెట్లు ఉంటాయి, అభ్యంతరాలకు జవాబులు తక్కువ. పెద్ద పుస్తకాలు చదివాక పునశ్చరణకు పనికొస్తాయి, ముందే చదివితే అర్ధం కావు.