మా సహకార స్టోర్‌లో పద్దెనిమిదేళ్లు: సరుకులు, సభలు

మాది నల్లగొండ, రామగిరి. పద్దెనిమిదేళ్లుగా ఇంటి కిరాణం వినియోగదారుల సహకార స్టోర్‌లోనే కొంటున్నాను. స్టోర్ పేరు రాయను. కింద చెప్పే తప్పులు చేసిన పాలకవర్గం ఇప్పుడు లేదు, ఆ మచ్చ ఇప్పుడున్నవాళ్ల మీద పడటం నాకిష్టం లేదు.

ముందు సరుకుల సంగతి. కందిపప్పు, పల్లీ నూనె, మిర్యాలగూడ మిల్లుల సన్నబియ్యం, సబ్బులు దొరుకుతాయి. తూకంలో ఇన్నేళ్లలో ఒక్కసారీ తేడా రాలేదు. చింతపండు, మిరపకాయలు సీజన్‌లోనే కొని నిల్వ పెడతారు కాబట్టి వానాకాలంలో కూడా బయటికన్నా తక్కువకే వస్తాయి. సూపర్ మార్కెట్లో ఉన్నన్ని రకాలు ఉండవు. రాత్రి ఎనిమిదికి మూసేస్తారు, ఇంటికి తెచ్చివ్వరు. ఆ మాత్రం ఇబ్బంది నాకు పెద్దగా అనిపించలేదు.

నేను అసలు రాయాలనుకున్నది మహాజన సభ, అంటే స్టోర్ సభ్యులందరూ కూర్చునే సమావేశం గురించి. వాటాధనం కట్టిన ప్రతి సభ్యుడూ ఈ దుకాణానికి యజమానే. ఒక వాటా ఉన్నా యాభై ఉన్నా ఓటు ఒక్కటే. చాలా ఏళ్లు నాకీ సంగతి తెలియదు. సభ్యత్వం మా వారి పేరు మీద ఉండేది. సభ నోటీసు ఆయన పేరున వచ్చేది, ఆ రోజు ఆయనకు డ్యూటీ ఉండేది, కాగితం క్యాలెండర్ వెనక పడి ఉండేది. కౌంటర్ దగ్గర నిలబడేది దాదాపు అందరం ఆడవాళ్లమే. ఏ రవ్వలో పురుగు వచ్చిందో, ఏ పప్పు ఉడకలేదో మాకే తెలుసు. ఓటు మాత్రం మాకు లేదు.

ఆ రవ్వతోనే నా కథ మొదలైంది. మూడుసార్లు పురుగు పట్టిన రవ్వ వచ్చింది. వెనక్కి తీసుకున్నారు గానీ, మళ్లీ అదే వ్యాపారి దగ్గర తెచ్చేవారు. ఎందుకని అడిగితే కౌంటర్‌లో అబ్బాయి, "అది పైవాళ్లు చూసుకుంటరు మేడం" అన్నాడు. ఆ వారమే నా పేరు మీద వాటా కట్టాను.

మొదటి సభలో నాకేమీ అర్థం కాలేదు. కోరం లేదని, అంటే సభ జరపడానికి కావలసినంత మంది రాలేదని, అరగంట వాయిదా వేశారు. తర్వాత జమాఖర్చులు గబగబా చదివారు, అందరూ చేతులెత్తారు, భోజనాలకు లేచారు. మరుసటి ఏడు ముందే వెళ్లి ఆడిట్ రిపోర్ట్ అడిగి తీసుకున్నాను. అందులో "రావలసిన బాకీలు" అన్న చోట అంకె చూసి గుండె ఝల్లుమంది. మా మొత్తం వాటాధనం కన్నా ఎక్కువ ఉంది. సభలో లేచి, ఇవి ఎవరు ఇవ్వాలని అడిగాను. "టీచరమ్మా, అవి వసూలైతయ్ లెండి" అన్నారు వేదిక మీద నుంచి. నా వెనక కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "పైసలు మనయి. ఎవరి కాడున్నయో చదువుండ్రి" అన్నాడు. ఇంకో పదిమంది లేచారు. చివరికి పట్టీ చదవక తప్పలేదు. ఎక్కువ భాగం డైరెక్టర్ల (పాలకవర్గ సభ్యుల) చుట్టాల ఉద్దెర (అరువు) ఖాతాలు, మిగతాది రెండు మూడు హోటళ్లది.

అప్పుడు రవ్వ సంగతి అర్థమైంది. డబ్బంతా ఉద్దెరలో ఇరుక్కుంటే నగదు పెట్టి మంచి సరుకు కొనే వీలుండదు. మాకు అప్పు మీద సరుకు ఇచ్చే ఆ ఒక్క వ్యాపారి దగ్గరే, ఏమిచ్చినా తీసుకోవాల్సి వచ్చింది. 1844లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 28 మంది కలిసి సహకార దుకాణం తెరిచినప్పుడు, ఉద్దెర ఇవ్వకూడదని, నగదు మీదే అమ్మాలని పెట్టుకున్న నియమం విలువ నాకు ఆ రోజు తెలిసింది.

అంతా వెంటనే బాగుపడలేదు. పాలకవర్గం గడువు ముగిసింది, ఎన్నికలు జరగలేదు, కొంతకాలం పర్సన్ ఇన్‌చార్జి, అంటే పాలకవర్గం బదులు సర్కారు పెట్టిన బాధ్యుడి పాలనలో నడిచింది. మూడేళ్లు డివిడెండ్ (వాటా మీద వచ్చే లాభం) లేదు. ఆ తర్వాత జరిగిన ఎన్నికల్లో, ఎప్పుడూ ఏకగ్రీవమయ్యే చోట పోటీ పడి ఇద్దరు ఆడవాళ్లు డైరెక్టర్లుగా గెలిచారు. బాకీల్లో కొంత వసూలైంది, కొంత ఇప్పటికీ రాలేదు. ఇప్పుడు నెలనెలా అమ్మకాలు, నిల్వ, ఉద్దెర ఎంతో నోటీసు బోర్డు మీద రాస్తున్నారు. పప్పులు, రవ్వ కొనేముందు శాంపిల్ తెచ్చి ముగ్గురు సభ్యులకు చూపించాలని తీర్మానం కూడా చేశాం. రవ్వలో మళ్లీ పురుగు చూడలేదు.

నాకు మిగిలిన బెంగ ఒక్కటే. సరుకు బాగుందని ఇప్పుడు సభకు రావడం మానేస్తున్నారు. పోయినసారి మళ్లీ కోరం కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. చదువుకున్న పిల్లలు అసలే రావడం లేదు.

మీ ఊళ్లో ఇలాంటి స్టోర్‌లో చేరాలనుకుంటే ముందు అది 1964 సహకార చట్టం కింద ఉందా, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందా అని అడగండి. రెండో రకంలో ప్రభుత్వ జోక్యం బాగా తక్కువ, కాబట్టి సభ్యుల కాపలా ఇంకా ఎక్కువ కావాలి. బైలాలు (సంఘం రాసుకున్న నియమాలు), పోయినేటి ఆడిట్ రిపోర్ట్ చూపించమనండి. చూపిస్తే వాటా కట్టండి. ఇంట్లో సరుకులు తెచ్చేది ఎవరో, వాళ్ల పేరు మీదే కట్టండి.