సీసాలోని కప్పకు సీటీ స్కాన్: మార్ఫోసోర్స్ సమీక్ష

ఫార్మలిన్‌తో స్థిరపరచి, 70 శాతం ఆల్కహాల్‌లో దశాబ్దాలుగా నిల్వ ఉంచిన కప్పను కోయకుండా, అది ఉన్న మ్యూజియం గడప తొక్కకుండా, దాని పుర్రెను కంప్యూటర్ తెరపై నలువైపులా తిప్పి చూసే వీలు కల్పించే ఉచిత వెబ్‌సైట్ మార్ఫోసోర్స్. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ సైట్‌లో, 2017 నుంచి 2023 వరకు 18 సంస్థలు ఓపెన్‌వెర్టిబ్రేట్ పథకం కింద స్కాన్ చేసిన 13,000కు పైగా సకశేరుకాల నమూనాలు కూడా ఉన్నాయి.

కప్ప పుర్రెను దగ్గరికి లాగి చూస్తే పైదవడ అంచున ఇసుక రేణువుల్లాంటి పళ్ల వరుస కనిపిస్తుంది. కొన్ని జాతుల్లో ఆ అంచు నున్నగా ఉంటుంది. ఇలాంటి స్కాన్లను పోల్చి చూసిన పరిశోధకులు, కప్పలు పరిణామ క్రమంలో 20కి పైగా సార్లు పళ్లను కోల్పోయాయని 2021లో తేల్చారు. ముళ్ల ఎలుకల తోక చర్మం కింద ఎముక పలకలున్న సంగతి కూడా స్కానింగ్‌లోనే బయటపడింది.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన బర్క్‌లీ సకశేరుక జంతుశాస్త్ర మ్యూజియం తొలి సంచాలకుడు జోసెఫ్ గ్రిన్నెల్ 1910లోనే, తాము సేకరిస్తున్న నమూనాల అసలు విలువ తెలియడానికి బహుశా నూరేళ్లు పట్టవచ్చని, అదీ వాటిని భద్రంగా కాపాడితేనే సాధ్యమని రాశారు. ఆయన 1939లో మరణించారు. రోగికి తొలి సీటీ స్కాన్ తీసింది 1971లో. కోరిన పత్రాన్ని క్షణంలో ముందుంచే బల్లను 1945లో ఊహించిన అమెరికన్ ఇంజినీర్ వానెవర్ బుష్ ఉద్దేశం ఫలించినా, ఆయన నమ్ముకున్న మైక్రోఫిల్మ్ (పత్రాలను అతి చిన్న ఫొటోలుగా దాచే ఫిల్మ్) మాత్రం వెనకబడిపోయింది. ఏ యంత్రం వస్తుందో చెప్పే సాహసం చేయకుండా, ఏది వచ్చినా పనికొచ్చేలా సీసాకు తేదీ, స్థలం రాసిపెట్టిన గ్రిన్నెల్ జోస్యమే నాకు గట్టిదనిపిస్తుంది. మార్ఫోసోర్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది కూడా అదే: స్కాన్‌తో పాటు మ్యూజియం పేరు, నమూనా కేటలాగ్ సంఖ్య కనిపిస్తాయి కాబట్టి, డీఎన్ఏ కావాలన్నా, రేపు వచ్చే పరికరంతో పరీక్షించాలన్నా, పరిశోధకుడు నేరుగా ఆ సీసా దగ్గరికే వెళ్లవచ్చు.

పరిమితులూ లేకపోలేదు. శాస్త్రీయ నామం తెలియనివారికి వెతుకులాట కష్టం. కొన్ని ఫైళ్లకు వాటి హక్కులున్న సంస్థ అనుమతి కావాలి. ఎముకలు స్పష్టంగా కనిపించినా, కండరాలు, అవయవాలు చూడాలంటే అయోడిన్ పట్టించి తీసిన స్కాన్లే దిక్కు, అవి తక్కువ. రంగులు అసలే కనిపించవు (ఆల్కహాల్‌లో అవి ఎలాగూ వెలిసిపోతాయనుకోండి).

కొత్తవారు గిగాబైట్లకొద్దీ ఉండే ముడి స్కాన్ల జోలికి పోకుండా, బ్రౌజర్‌లోనే తెరుచుకునే మెష్‌లతో (పైరూపాన్ని మాత్రమే చూపే త్రీడీ బొమ్మలతో) మొదలుపెట్టడం మేలు. లోపలి పొరలు చూడాలనిపించినప్పుడు త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది.