జర్మనీ స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్: ఐదేళ్లు వాడాక

జర్మనీ పబ్లిక్ ఇన్సూరెన్స్‌కి బిల్లుల విషయంలో పదికి తొమ్మిది వేస్తాను, అపాయింట్‌మెంట్ల విషయంలో నాలుగే. ఆపరేషన్ అయినా జేబులోంచి పోయేది పదుల యూరోల్లోనే ఉంటుంది. చర్మ డాక్టర్ దొరకడానికి మాత్రం నెలలు పట్టొచ్చు. అందుకే ఈ ఇన్సూరెన్స్ కార్డు విలువ, ఎప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసినవాళ్లకే పూర్తిగా దక్కుతుంది.

ముందు ఖర్చు. 2025లో విద్యార్థి నెల ఖర్చుగా ప్రభుత్వం లెక్కగట్టే 855 యూరోల మీద 10.22 శాతం, అంటే నెలకు 87.38 యూరోలు అన్ని కాసెల్లోనూ ఒకటే. కాసె అంటే ఇన్సూరెన్స్ సంస్థ. దాని పైన ఒక్కో కాసె సొంతంగా వేసుకునే అదనపు శాతం, ఆపైన మంచాన పడితే సంరక్షణ ఖర్చుకి పనికొచ్చే కేర్ ఇన్సూరెన్స్ 3.6 శాతం. 23 నిండి పిల్లలు లేకపోతే ఇదే 4.2 శాతం. మాస్టర్స్‌కి వెళ్లే మనవాళ్లలో చాలామంది ఈ రెండో లెక్కలోకే వస్తారు కాబట్టి నెలకు 145 యూరోలు అటూ ఇటూ అనుకోండి. వీసా కోసం ముందే డబ్బు వేసి పెట్టే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలనెలా వచ్చే 992 యూరోల్లో ఇదీ భాగమే. టీకే, ఏఓకే, బార్మర్ అనే కాసెల మధ్య తేడా కొద్ది యూరోలే. ఇంగ్లీషులో ఫోన్ ఎత్తే కాసెని, యాప్ బాగున్న కాసెని ఎంచుకోవడమే మేలు.

చేరాక మీ వివరాలను కాసెనే యూనివర్సిటీకి ఆన్‌లైన్‌లో పంపుతుంది. దాన్ని ఎం10 అంటారు. అది అందకపోతే అడ్మిషన్ ఆఫీసు ఫైలు కదపదు. కవరేజీ సెమిస్టర్ మొదలైన రోజు నుంచి వస్తుంది. అడ్మిషన్ అంతకన్నా ఆలస్యమైతే ఆ తేదీ నుంచే. సెప్టెంబర్ మొదట్లో దిగి అక్టోబర్ 1న సెమిస్టర్ మొదలయ్యేవాళ్లకి మధ్యలో ఖాళీ ఉంటుంది. దాన్ని ట్రావెల్ ఇన్సూరెన్స్ పూడ్చాలి. వీసా కోసం తీసుకున్న పాలసీని ఐదారు రోజులకే ఆపేసుకునేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. ఫోటో అప్‌లోడ్ చేశాక ప్లాస్టిక్ కార్డు రావడానికి వారాలు పట్టొచ్చు. ఈలోపు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే కార్డుకి బదులుగా ఒక ధ్రువపత్రం ఇమ్మని కాసెని అడగండి.

అసలు ఉచ్చు వేరే ఉంది. నెలకు ముప్పై నలభై యూరోలకే ‘స్టూడెంట్ ఇన్సూరెన్స్’ అని అమ్మే ప్రైవేటు పాలసీలు చాలావరకు ట్రావెల్ పాలసీల లాంటివే. పాత జబ్బులకు ఇవ్వరు, పళ్లకు పరిమితి, మానసిక వైద్యానికి మరీ తక్కువ. 30 ఏళ్ల లోపు వాటిలో చేరాలంటే పబ్లిక్ వద్దని మొదటి మూడు నెలల్లో రాసివ్వాలి. ఆ సంతకం ఆ చదువు ముగిసేదాకా వెనక్కి రాదు. నెలకు వంద మిగిలిందని సంబరపడి, రెండో సెమిస్టర్‌లో థైరాయిడ్ బయటపడితే చేసేదేమీ లేదు. 30 దాటి చదువుకు వెళ్లేవాళ్లకి పబ్లిక్ స్టూడెంట్ రేటు ఉండదు కాబట్టి వాళ్ల లెక్క వేరు.

ఒంట్లో బాగోకపోతే మొదటి మెట్టు హౌస్‌ఆర్ట్స్ట్, అంటే ఫ్యామిలీ డాక్టర్. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంటి దగ్గర ఒకరిని చూసి పెట్టుకోండి. జ్వరంతో పడి ఉండగా వెతికితే ‘కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదు’ అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. కార్డుని మూడు నెలలకోసారి, అంటే జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్‌లతో మొదలయ్యే ప్రతి క్వార్టర్‌లో ఒకసారి డాక్టర్ దగ్గరి మిషన్లో పెట్టాలి. పెట్టకపోతే మందుల చీటీ ఇవ్వరు. జలుబు జ్వరాలకు సూది వేస్తారనీ, సెలైన్ ఎక్కిస్తారనీ ఆశించకండి. విశ్రాంతి తీసుకోమని, టీ తాగమని పంపేస్తారు. అది నిర్లక్ష్యం కాదు, వాళ్ల పద్ధతే అంత.

స్పెషలిస్ట్ కోసం హౌస్‌ఆర్ట్స్ట్ రెఫరల్ రాస్తారు. దాని మీద 12 అంకెల కోడ్ ఉండేలా అడగండి. త్వరగా చూపించాల్సిన కేసని డాక్టర్ నమ్మితేనే ఇస్తారు. ఆ కోడ్‌తో అపాయింట్‌మెంట్లు ఇప్పించే సేవ నంబరు 116117కి ఫోన్ చేసినా, వాళ్ల సైట్‌లో పెట్టినా నాలుగు వారాల్లోపు అపాయింట్‌మెంట్ ఇప్పించాలన్నది నియమం. ఫలానా డాక్టరే కావాలని ఎంచుకునే వీలుండదు. కళ్లకూ గైనకాలజిస్టుకూ రెఫరల్ అక్కర్లేదు. రాత్రిపూట, ఆదివారాల్లో ప్రాణం మీదికి రాని ఇబ్బందికీ 116117 నంబరే. ప్రాణాపాయమైతే 112. చిన్న జ్వరానికి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పోతే గంటల తరబడి కుర్చీలోనే కూర్చోబెడతారు, ఎందుకంటే అక్కడ వరుస వచ్చిన టైముని బట్టి కాదు, తీవ్రతను బట్టి.

మందుల చీటీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంటుంది, కార్డు దాన్ని తెరిచే తాళంచెవి. 28 రోజుల్లోపు మందుల షాపులో, అంటే అపోథెకెలో, కార్డు చూపించి తీసుకోవాలి. ధరలో పది శాతం మనది. కనీసం 5, గరిష్ఠం 10 యూరోలు. ఆసుపత్రిలో ఉంటే రోజుకు 10, ఏడాదికి 28 రోజుల వరకే. ఇవన్నీ కలిపి ఏడాది ఆదాయంలో 2 శాతం దాటితే మిగతాది మాఫీ అవుతుంది. రసీదులు పారేయకండి. చీటీ అక్కర్లేని పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ 400 లాంటివి పూర్తిగా మన ఖర్చే. పారాసెటమాల్ చీటీ లేకుండా ఇచ్చే ప్యాకెట్‌లో 500 మిల్లీగ్రాముల బిళ్లలు ఇరవై వరకే. ఇండియా చీటీ మీద అక్కడ మందు ఇవ్వరు. రోజూ వేసుకునేవి ఉంటే సొంత అవసరానికి మూడు నెలలకు సరిపడా తెచ్చుకుని, జెనరిక్ పేర్లు రాయించుకోండి.

ఈ కార్డు పెద్దగా ఆదుకోనివి కళ్లద్దాలు, పళ్లు. మామూలు పవర్ అద్దాలు పూర్తిగా మన డబ్బే, కాబట్టి ఇండియా నుంచి రెండు జతలు తెచ్చుకోవడం తెలివైన పని. పళ్ల పరీక్ష, ఏడాదికోసారి గార తీయడం ఉచితం. డెంటిస్టులు గట్టిగా అమ్మే ప్రొఫెషనల్ క్లీనింగ్ ఉచితం కాదు. ఏడాదికోసారి పరీక్షకు వెళ్లి బోనస్ పుస్తకంలో ముద్ర వేయించుకుంటే, క్యాప్ అవసరమైనప్పుడు కాసె ఇచ్చే మామూలు 60 శాతం ఐదేళ్ల ముద్రలతో 70కి, పదేళ్లతో 75కి పెరుగుతుంది.

ఇండియా వస్తే ఈ కార్డు పని చేయదు. విడిగా ట్రావెల్ పాలసీ తీసుకోవాలి. అందులో స్వదేశాన్ని మినహాయించే షరతు ఉందేమో చూసుకోండి.

పరీక్ష రోజు జబ్బు చేస్తే ఉద్యోగానికి పనికొచ్చే సిక్ నోట్ చాలా యూనివర్సిటీలకు చాలదు. వాళ్ల సొంత ఫారం డాక్టర్‌తో నింపించాలి. దానికయ్యే ఫీజు మనదే.

చదువు అయిపోయి యూనివర్సిటీలో పేరు తీసేయించుకుంటే ఆ సెమిస్టర్ ముగియగానే స్టూడెంట్ రేటు పోతుంది. ఉద్యోగం లేకపోతే సొంతంగా కట్టే పద్ధతిలోకి మారుస్తారు. ఆదాయం సున్నా అయినా నెలకు 200 యూరోలు దాటుతుంది. అప్పుడు కాసె ఆదాయం ఎంతో చెప్పమని ఒక ఫారం పోస్టులో పంపుతుంది. ఇల్లు మారి ఆ ఉత్తరం అందకపోయినా, బద్ధకించి పంపకపోయినా, గరిష్ఠ ఆదాయం ఉన్నట్టు లెక్కగట్టి నెలకు వెయ్యి యూరోలు దాటిన బిల్లు వేస్తారు. 12 నెలల్లోపు రుజువులు పంపితే సరిచేస్తారు.