పులికాట్, కొల్లేరు, కోరింగ: చదును దారిలో సైకిల్‌కి ఏది మేలు?

మౌంటెన్ బైక్ కొన్నవాళ్లందరూ కొండలెక్కరు. చాలామందికి కావలసింది ఇంతే: లారీల హారన్లు లేని దారి, కాస్త మట్టి, కాస్త నీళ్లు, ఆగి చూడటానికి నాలుగు పక్షులు, మోకాళ్లకి పెద్దగా శ్రమ లేకపోవడం. ఆంధ్ర కోస్తాలో ఇందుకు తగిన చోట్లు మూడు ముఖ్యమైనవి. సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సు, ఏలూరు, కైకలూరు మధ్య కొల్లేరు, కాకినాడ పక్కన కోరింగ మడ అడవులు. మూడూ చదునే, మూడూ అభయారణ్యాలే. సైకిల్ తొక్కేవాడికి మాత్రం మూడూ ఒకటి కావు. నా ఓటు పులికాట్‌కే అని ముందే చెప్పేస్తున్నా. ఆ ఓటుకి కొన్ని షరతులున్నాయి.

ముందు ఒక అపోహ తీర్చాలి. చదునంటే సులువని అందరూ అనుకుంటారు. కొండదారిలో ఎక్కేటప్పుడు కష్టపడ్డా, దిగేటప్పుడు కాళ్లకి విశ్రాంతి దొరుకుతుంది. చదునులో ఆ విశ్రాంతి ఉండదు. పెడల్ ఆపితే బండి ఆగుతుంది. పైగా ఒకే భంగిమలో గంటలకొద్దీ కూర్చోవడం వల్ల నడుముకీ సీటుకీ తగాదా మొదలవుతుంది. అన్నిటికంటే పెద్ద సమస్య గాలి. చెట్టూ చేమా అడ్డులేని చోట ఎదురుగాలి వీస్తే ఎత్తు ఎక్కుతున్నట్టే ఉంటుంది, దానికి శిఖరం కూడా ఉండదు. అందుకే దారి ఏ దిక్కుకి పోతుందో, ఆ వేళకి గాలి ఎటునుంచి వీస్తుందో చూసుకోకుండా బయల్దేరకూడదు.

ఈ లెక్కలో పులికాట్‌కి తిరుగులేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్లే దారి సుమారు 18 కిలోమీటర్లు, దాదాపు నేరుగా తూర్పుకి సాగుతుంది. తీరంలో తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు, ఎండెక్కాక సముద్రం నుంచి నేల వైపు వీస్తుంది. పొద్దున్నే బయల్దేరి, ఎండెక్కాక వెనక్కి తిరిగితే రెండువైపులా గాలి మన వీపునే తోస్తుంది. చలికాలంలో ఈశాన్య గాలి గట్టిగా ఉన్న రోజుల్లో ఈ లెక్క తప్పుతుంది. అప్పుడు వెళ్లేటప్పుడే కష్టం, వచ్చేటప్పుడు సుఖం. అదీ నయమే, అలసిపోయాక ఎదురుగాలి తినడం కంటే.

ఊరు దాటి కొంతదూరం వెళ్లగానే రోడ్డుకి రెండువైపులా సరస్సే. మన దేశంలో చిలికా తరువాత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చాలా భాగం ఆంధ్రలో, కొంత తమిళనాడులో ఉంది. నీళ్లు మోకాలి లోతు కూడా లేని చోట్లు ఎక్కువ, అందుకే ఫ్లెమింగోలకి ఇది అనువైన చోటు. మెడ వంచి, ముక్కు తలకిందులుగా పెట్టి బురదనీళ్లని వడకట్టుకుని తింటాయి. చలికాలంలో అవి రోడ్డుకి దగ్గరగా మేస్తుంటే బైనాక్యులర్స్ లేకపోయినా కనిపిస్తాయి. ఒక చిన్న సూచన: అవి ఎగరకూడదనుకుంటే తొక్కుతూనే చూడండి. కదిలే సైకిల్‌ని అవి పెద్దగా పట్టించుకోవు. టక్కున ఆగి, దిగి, ఫోన్ బయటికి తీస్తే మంద మొత్తం పక్కకి జరుగుతుంది. ఆగాలనుకుంటే కాస్త ముందే నెమ్మదించి, దూరంగా ఆగండి. దారి మధ్యలో అటకానితిప్ప ఉంది. నీళ్ల బాటిల్ తీయడానికి, కాళ్లు చాపుకోవడానికి సరైన చోటు.

షరతులు ఇప్పుడు చెప్తా. దారి చివర షార్, అంటే ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రం గేటు. అనుమతి లేకుండా లోపలికి పంపరు, కాబట్టి సముద్రం దాకా వెళ్లాలనే ఆశ పెట్టుకోకండి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఈ రోడ్డుని మరచిపోండి. మామూలు రోజుల్లో కూడా ఉద్యోగుల బస్సులు తిరిగే వేళ అంచున జాగ్రత్తగా ఉండాలి, అవి వేగంగానే వెళ్తాయి. ఇక ఇది తారు రోడ్డు. మట్టిలో తొక్కాలన్న కోరిక ఇక్కడ సగమే తీరుతుంది. వేసవిలో నీళ్లు వెనక్కి తగ్గాక బయటపడే ఉప్పు మైదానం చూస్తే దిగి తొక్కాలనిపిస్తుంది కానీ, పైన పెంకులా ఎండి కింద బురదగా ఉండే నేల అది. చక్రం దిగబడితే మోసుకురావడమే. సరస్సు చుట్టుపక్కల సర్కారు తుమ్మ కూడా బాగా ఉంది, దాని ముళ్లు పంక్చర్ షాపువాడికి చుట్టాలు.

పులికాట్ వెళ్లినవాళ్లు నేలపట్టుని కలుపుకోవాలి. సూళ్లూరుపేటకి ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్లు. అంతదూరం హైవే మీద తొక్కమని ఎవరికీ చెప్పను. సైకిల్‌ని ఆటోలోనో కారు వెనకో వేసుకుని దొరవారిసత్రం దాకా వెళ్లి, అక్కడినుంచి ఊరిదారి పట్టండి. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ చెరువులో నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు పిల్లలు పెడతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకి ఎరువులా పనిచేస్తాయని ఊరివాళ్లు తరతరాలుగా వాటిని కాపాడుకొచ్చారు. దూరం తక్కువ కాబట్టి పిల్లలతో వెళ్లేవాళ్లకి పులికాట్ కంటే ఇదే బాగుంటుంది.

కొల్లేరు సంగతి వేరు. ఇది మంచినీటి సరస్సు, సముద్రం ఒడ్డున లేదు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది, బుడమేరు, తమ్మిలేరు లాంటివి తెచ్చి పోసే నీళ్లని ఉప్పుటేరు సముద్రానికి చేరుస్తుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇదంతా సైకిల్‌వాడికి ఎందుకంటే, చుట్టుపక్కల ఇప్పటికీ మిగిలిన గట్లే అసలు దారులు. మౌంటెన్ బైక్ టైరుకి నిజంగా పనిపెట్టేది మూడింటిలో ఇదొక్కటే. ఒకవైపు చెరువు, మరోవైపు కాలవ, మధ్యలో ఎండిన మట్టిబాట, మలుపు మలుపుకీ కొంగలు.

కానీ గట్టుకి యజమాని ఉంటాడు. కాపలావాళ్లని అడగకుండా ఎక్కితే దొంగలా చూస్తారు, ముందు కుక్కలు పలకరిస్తాయి. అడిగితే చాలామంది వెళ్లనిస్తారు, ఎటు వెళ్తే దారి ఆగిపోతుందో కూడా చెబుతారు. రెండో ఇబ్బంది మట్టి. డెల్టా జిగురుమట్టి ఎండితే సిమెంటు, తడిస్తే మైనం. చిన్న వాన పడ్డా చక్రానికీ ఫోర్కుకీ మధ్య ముద్దగా నిండి బండిని కట్టేస్తుంది. చక్రం అంచుని పట్టే పాత రిమ్ బ్రేకులున్న సైకిల్ అయితే మరీ నరకం, అక్కడ మాత్రం డిస్క్ బ్రేకులకి నిజంగా విలువుంది. వర్షాల్లో ఏలూరు, కైకలూరు మధ్య రోడ్డే మునిగిపోయే సందర్భాలున్నాయి. చేపల లారీలతో ఆ రోడ్డు ఎప్పుడూ తీరిక లేకుండా ఉంటుంది. కైకలూరులో దిగి ఆటపాక పక్షుల కేంద్రం దాకా వెళ్లి, అక్కడినుంచి చుట్టూ ఉన్న ఊరిదారులు పట్టడం తెలివైన పని. ఆటపాకలో గూడబాతుల కోసం ఇనుప స్టాండ్లు పెట్టారు, చెట్లు లేని చోట అవి వాటి మీదే గూళ్లు కట్టుకుంటాయి.

కోరింగని నేను సైకిల్ జాబితాలో చివర పెడతాను, అందం తక్కువై కాదు. 1978లో అభయారణ్యమైన ఈ మడ అడవిలో చెక్కల నడకదారి ఉంది, అది నడిచేవాళ్లకే. సైకిల్ బయట తాళం వేసి పెట్టాల్సిందే. కాకినాడ నుంచి అక్కడికి చేర్చేది 216వ నంబర్ జాతీయ రహదారి, దాని మీద చదునులో తొక్కే సుఖాన్ని లారీలు మింగేస్తాయి. ఆటు సమయానికి, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళ్తే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్లు, వాటి మధ్య పరుగులు తీసే పీతలు బాగా కనిపిస్తాయి. తిల్ల చెట్టు కొమ్మ విరవకండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. సైకిల్ కూడా తొక్కాలనుకుంటే కారులో యానాం దాకా పోయి, బాలయోగి వారధి దాటి, ఎదుర్లంక వైపు గోదావరి ఏటిగట్టు పట్టుకోండి. ఒకవైపు నది, మరోవైపు కింద కొబ్బరితోటలు, పైన ఒక్క మనిషికి సరిపోయే ప్రశాంతత. నిజానికి ఏటిగట్టుని లెక్కలో కలిపితే కోరింగ కొల్లేరుతో సమానమవుతుంది.

బండి విషయంలో టెన్షన్ పడక్కర్లేదు. ముందు సస్పెన్షన్‌కి లాక్ ఉంటే వేసేయండి, చదునులో అది ఊగడం వల్ల మీ బలం వృథా. 2.1 అంగుళాల టైరుకి గాలి తారు మీద 45 నుంచి 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), గట్ల మీద 30 దగ్గర సరిపోతుంది. టైరు అంచున రాసిన హద్దు దాటొద్దు. మౌంటెన్ బైకే ఉండాలని లేదు, రోడ్డు బైక్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్యరకమైన హైబ్రిడ్, వెడల్పు టైర్లతో ఉంటే, పులికాట్‌కి ఇంకా మేలు. ఉప్పు గాలి మాత్రం చెయిన్‌ని తినేస్తుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఆరాక నూనె వేయకపోతే వారంలోనే ఎర్రగా మారుతుంది. పులికాట్, కోరింగ రెండిటికీ ఇది వర్తిస్తుంది, కొల్లేరులో బురదతోనే సరి.

కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లు, చెన్నై, నెల్లూరు వైపు ఉన్నవాళ్లు డిసెంబర్, జనవరిల్లో పులికాట్ పట్టండి. సూళ్లూరుపేటకి చెన్నై నుంచి లోకల్ రైళ్లుంటాయి, సైకిల్‌ని ఎలా ఎక్కించాలో స్టేషన్లో ముందే కనుక్కోండి. మట్టి కావాలనేవాళ్లు వానలు తగ్గి గట్లు గట్టిపడ్డాక జనవరి, ఫిబ్రవరిల్లో కొల్లేరు చూసుకోవచ్చు. ఇంట్లో ఒకరు సైకిల్, మిగతావాళ్లు పడవా నడకా అంటే కాకినాడ వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు కాజాల పెట్టె కొనడం మరిచిపోతే ఇంట్లో మాట పడాలి.