చైకోవ్‌స్కీ 'పతెతిక్' సింఫనీ: ఏళ్ల తరబడి విన్నాక షెల్ఫులో మిగిలినవి

రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీ ఆరో సింఫనీకే (బి మైనర్, ఓపస్ 74) 'పతెతిక్' అని పేరు. ఆర్కెస్ట్రా కోసం రాసిన ఈ నాలుగు భాగాల రచన రికార్డింగులకు అంతు లేదు. ఆర్కెస్ట్రాను నడిపే కండక్టర్లలో కరయన్ ఒక్కడే స్టూడియోలో ఏడుసార్లు చేశాడు. అన్నిటినీ వరసపెట్టి సమీక్షించే ఉద్దేశం లేదు. పదే పదే విన్నా విసుగు పుట్టనివి, మొదట్లో గొప్పగా అనిపించి తర్వాత తేలిపోయినవి మాత్రమే చెబుతాను.

నా పక్షపాతం ముందే చెప్పేస్తే మంచిది. ఈ సింఫనీలో ఏడుపు నాలుగో భాగం దాకా ఆగాలి. 1893 అక్టోబరు 28న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దీని తొలి ప్రదర్శనను చైకోవ్‌స్కీయే నడిపాడు. తొమ్మిది రోజులకు, నవంబరు 6న చనిపోయాడు. ఈ సంగతి బుర్రలో పెట్టుకున్న కండక్టర్ తొలి బసూన్ (అడుగుస్వరాలు పలికే ఊదే వాద్యం) స్వరం నుంచే సంతాపసభ తెరుస్తాడు. ఇక చివరి భాగానికి మిగిలేది ఏముంటుంది? పైగా రష్యన్‌లో 'పతెతిచెస్కయా' అంటే జాలిగొలిపేది అని కాదు, భావావేశం ఉప్పొంగేది అని.

కొత్త రికార్డింగు ఏది చేతికొచ్చినా నేను ముందు చూసేది నాలుగో భాగం నిడివి. స్వరపత్రంలో దాని ఆరంభానికి చైకోవ్‌స్కీ నిమిషానికి 54 దెబ్బల వేగం రాశాడు. 171 బార్లు (తాళావర్తనాలు అనుకోండి), బారుకు మూడు దెబ్బల చొప్పున 513 దెబ్బలు. అదే వేగంతో నడిస్తే తొమ్మిదిన్నర నిమిషాలు. మధ్యలో వేగం పెరగడం, తగ్గడం, ఊపిరి తీసుకునే విరామాలు ఉంటాయి కాబట్టి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఎంతైనా సబబే. కండక్టర్ మ్రవిన్‌స్కీ 1960 రికార్డింగులో ఇది పది నిమిషాల లోపే ముగుస్తుంది. బెర్న్‌స్టైన్ 1986లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో డాయిచె గ్రామోఫోన్ కంపెనీకి చేసినదాంట్లో దాదాపు పదిహేడు. అంటే సగటున నిమిషానికి 30 దెబ్బలు, రాసిన వేగంలో సగం కాస్త పైన. మొదటిసారి విన్నవాళ్లు కదిలిపోతారు, నిజమే. పదోసారికి మాత్రం పాట తెగిపోయి ఒక్కో స్వరం ఒక్కో బండరాయిలా కనిపిస్తుంది. ఏడాదికోసారి వినదగ్గది అది. మొదటి రికార్డింగుగా ఎవరికీ చెప్పను.

రెండో పరీక్షకు హెడ్‌ఫోన్ కావాలి. నాలుగో భాగం మొదట్లో కిందికి జారే ఆ ప్రసిద్ధమైన స్వరపంక్తిని నిజానికి ఎవరూ పూర్తిగా వాయించరు. ఒక స్వరం మొదటి వయొలిన్లది, తర్వాతిది రెండో వయొలిన్లది, మళ్లీ మొదటివాళ్లది. విడివిడిగా చూస్తే ఇద్దరి పత్రాల్లోనూ అర్థంపర్థం లేని గెంతులే ఉంటాయి. కలిపి వింటేనే పాట. అదే పంక్తి తర్వాత తిరిగి వచ్చేటప్పుడు మొత్తం మొదటి వయొలిన్లకే ఇచ్చాడు. రెండు గుంపులనూ వేదికకు చెరో పక్కన కూర్చోబెడితే మొదటిసారి ఆ నిట్టూర్పు ఎడమకూ కుడికీ ఊగుతుంది, రెండోసారి ఎడమనుంచి ఒకే ధారగా వస్తుంది. ఇద్దరినీ ఎడమవైపే కూర్చోబెట్టే ఇప్పటి అలవాటులో ఈ తేడా సగానికి పైగా పోతుంది. లెనిన్‌గ్రాడ్‌లో మ్రవిన్‌స్కీ, లండన్‌లో క్లెంపరర్, బోస్టన్‌లో మాంటో వయొలిన్లను విడదీసి కూర్చోబెట్టినవాళ్లే. మాంటోది 1955 నాటి స్టీరియో. ఆ వయసుకు ఇంత స్పష్టంగా వినిపించడం ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక అసలు సంగతి, మ్రవిన్‌స్కీ 1960. విదేశీ పర్యటనలో ఉన్న లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్‌తో డాయిచె గ్రామోఫోన్ వాళ్లు వియన్నాలో తీసిన స్టీరియో ఇది. మొదటి భాగంలో నడక ఎక్కడా జారదు. నాదాన్ని మెత్తబరిచే మ్యూట్లు పెట్టిన వయొలిన్లు, చెల్లోలు డి మేజర్‌లో ఎత్తుకునే రెండో రాగాన్ని చాలామంది సాగదీస్తారు. ఇతను మాత్రం ఒక్క నిండు ఊపిరిలో పాడించి పక్కకు తప్పుకుంటాడు. ఆ తర్వాత వచ్చే విస్ఫోటనంలో తీగవాద్యాల వేగం చూస్తే నూరుమంది ఒకే విల్లు పట్టుకున్నట్టుంటుంది. ఆ తుఫాను నడుమ ఇత్తడి వాద్యాలు, చనిపోయినవారి కోసం ఆర్థడాక్స్ చర్చిలో పాడే ప్రార్థన చరణం ఒకటి ఎత్తుకుంటాయి. అక్కడా ఆగడు. ఆగకపోవడం వల్లే ఒళ్లు జలదరిస్తుంది. రష్యన్ హార్న్‌లలో, ట్రాంబోన్‌లలో ఉండే వణుకు కొందరికి పడదు. గమకాలకు అలవాటుపడ్డ మన చెవికి అదంత ఇబ్బంది కాదనుకుంటాను. లోపాలూ చెప్పాలి: బిగ్గరగా వచ్చే చోట్ల ధ్వని కాస్త గరుకెక్కుతుంది, నిశ్శబ్దం కింద టేపు బుసబుస వినిపిస్తుంది. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇదే కండక్టర్, ఇదే ఆర్కెస్ట్రా, ఇదే కంపెనీ 1956లో చేసిన, ఎడమ కుడి తేడా వినిపించని మోనో రికార్డింగూ ఒకటుంది. స్ట్రీమింగ్‌లో రెండూ పక్కపక్కనే కనబడతాయి. సంవత్సరం చూడకుండా నొక్కితే వయొలిన్ల పరీక్ష అక్కడే గల్లంతు.

రెండో భాగంలో ఐదు దెబ్బల లయ ఉంటుంది. 'కుంటి వాల్ట్జ్' అని పాశ్చాత్యులు అన్నదే అంటుంటారు గానీ, ఖండచాపు తెలిసినవాళ్లకు ఇందులో కుంటితనమేమీ కనిపించదు: తక తకిట, తక తకిట, అంతే. తొడ మీద వేలితో వేసుకుంటూ వినండి. మంచి కండక్టర్ దగ్గర ఆ మూడు ముక్క కొద్దిగా ముందుకు వంగుతుంది. చెడ్డవాళ్లు ప్రతి బారు చివరా కాలు ఈడుస్తారు. మధ్యభాగంలో టింపనీ (నగారా లాంటి వాద్యం) డి స్వరాన్ని విడవకుండా కొడుతూ ఉంటుంది. అది వినపడీ వినపడనట్టు ఉండాలి. కరయన్ 1976 రికార్డింగులో తీగవాద్యాల మెరుపు దాన్ని మింగేస్తుందని నా ఫిర్యాదు. కరయన్‌లో ఒకటే ఎంచుకోమంటే 1964 నాటిదే తీసుకుంటాను. పాలిష్ తక్కువ, గాలి ఎక్కువ.

మూడో భాగం కవాతు. గెలుపులా వినిపించాలి, లోపల ఏదో బిగుసుకుపోతూ ఉండాలి. క్లెంపరర్ (ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రా, 1961) ఇక్కడే ఓడిపోయాడు. ప్రతి వాద్యం పేరు పెట్టి పిలిచేంత స్పష్టంగా వినిపిస్తుంది, కానీ ఆ కవాతు ఎక్కడికీ చేరదు. నాలుగో భాగం అతని దగ్గర ఎంత నిటారుగా, కన్నీరు లేకుండా ఉంటుందంటే మూడోదాన్ని క్షమించి మళ్లీ పెడుతుంటాను.

ఫుర్ట్‌వెంగ్లర్ 1938, బెర్లిన్ ఫిల్హార్మోనిక్: 78 ఆర్‌పీఎం రికార్డుల కాలం. ముక్కలు ముక్కలుగా తీసినా నడకలో అతుకు దొరకదు. ఇక్కడ ఏ సంస్థ శుభ్రం చేసిన ప్రతి అన్నదే అసలు ప్రశ్న. గరగర పూర్తిగా తీసేసిన ప్రతుల్లో వయొలిన్ల పై స్వరాలు కూడా చచ్చిపోయి, దుప్పటి కప్పి వింటున్నట్టుంటుంది. కాస్త గరగర ఉంచిన ప్రతే కొనండి, ఐదు నిమిషాల్లో చెవి దాన్ని మరిచిపోతుంది. ఫ్రిచాయ్ 1959లో బెర్లిన్ రేడియో ఆర్కెస్ట్రాతో చేసినది దశాబ్దాల తర్వాత గానీ బయటికి రాలేదు. మొదటి భాగంలో రెండో రాగాన్ని అతనంత నెమ్మదిగా, అంత ప్రేమగా ఎవరూ పాడించలేదు. పైన నేను చెప్పిన సూత్రానికి ఇది పూర్తి విరుద్ధం. అయినా ఒప్పించేశాడు, ఏం చేస్తాం.

కొత్తవాటిలో కుర్రెంట్‌జిస్ (ముజికఎటర్నా ఆర్కెస్ట్రా, 2017లో విడుదల) చాలా పేరు తెచ్చుకుంది. నాకు ఆర్నెల్లు మత్తు, తర్వాత విసుగు. ప్రతి మలుపూ భూతద్దం కింద పెట్టినట్టుంటుంది. తర్వాత ఏ చమక్కు వస్తుందో తెలిసిపోయాక మళ్లీ పెట్టబుద్ధి కాదు. కిరిల్ పెట్రెంకో 2017లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో కచేరీలో వాయించినది 2019లో ఆ ఆర్కెస్ట్రా సొంత లేబుల్ మీద వచ్చింది. వేగం మ్రవిన్‌స్కీకి దగ్గర, ధ్వని ఇప్పటిది, గుండెబాదుకోవడం లేదు. టేపు బుసబుస భరించలేనివాళ్లు కళ్లు మూసుకుని దీన్ని తీసుకోవచ్చు. నాలుగో భాగం చివర్లో ఒకే ఒక్కసారి మోగే గాంగ్, దాని వెనకే ట్రాంబోన్‌లు, ట్యూబా మెల్లగా ఎత్తుకునే నాదం ఇందులో విన్నంత శుభ్రంగా మ్రవిన్‌స్కీలో వినిపించవు.

వాల్యూమ్ పెట్టుకోవడంలోనే చాలామంది దెబ్బతింటారు. మొదటి భాగం సగం దగ్గర క్లారినెట్ స్వరం సన్నగిల్లి సన్నగిల్లి, చివరి నాలుగు స్వరాలు బసూన్‌కు వెళ్తాయి. వాటి మీద చైకోవ్‌స్కీ ఆరు 'పి'లు రాశాడు. 'పి' అంటే మెత్తగా, 'పి'లు పెరిగేకొద్దీ ఇంకా మెత్తగా. బసూన్ అంత మెత్తగా పలకడం కష్టం కాబట్టి ఎక్కువమంది ఆ నాలుగు స్వరాలనూ బేస్ క్లారినెట్‌కు ఇస్తారు. అది వినబడటం లేదని వాల్యూమ్ పెంచారో, మరుక్షణమే ఆర్కెస్ట్రా మొత్తం ఒక్క దెబ్బ కొడుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉంటే గుండె ఆగినంత పని. ముందు ఆ దెబ్బ ఉన్న చోటికే వెళ్లి, భరించగలిగినంతకు వాల్యూమ్ తగ్గించి, అప్పుడు మొదటికి రండి. మళ్లీ ముట్టుకోవద్దు. స్ట్రీమింగ్ యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (ట్రాకుల బిగ్గరతనాన్ని సమం చేసేది), క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ చివరను తర్వాతిదాంతో కలిపేసేది) రెండూ ఆపేయాలి. క్రాస్‌ఫేడ్ ఉంటే కవాతు చివరి దెబ్బ మీదే ఏడుపు మొదలవుతుంది. షఫుల్ సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, సీలింగ్ ఫ్యాన్. ఈ సింఫనీ డబుల్ బేస్‌ల అడుగుస్వరాల్లో మొదలై, చెల్లోలు, బేస్‌ల మధ్య ఆరిపోతుంది. ఫ్యాన్ హోరు సరిగ్గా ఆ రెండు చోట్లనే మింగేస్తుంది. నాలుగో భాగంలో గాంగ్ మోగాక మిగిలేది రెండు మూడు నిమిషాలే. ఎండాకాలమైనా ఆ కాసేపు ఫ్యాన్ ఆపి వినండి.