సదరం క్యాంపుకి (ఆంధ్రాలో వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపు) 5కి 3 స్టార్లు, రెండోసారి వెళ్లాం కాబట్టి

మా అక్క కూతురు వెన్ను మీద గడ్డతో పుట్టింది, స్పైనా బైఫిడా, అంటే కడుపులోనే వెన్నెముక సరిగ్గా మూసుకోలేదు అన్నారు, మూడో రోజే ఆపరేషన్ చేసి తర్వాత తలలో నీరు చేరుతోందని దాన్ని కిందికి పంపే గొట్టం, షంట్ వేశారు. ఇప్పుడు 11 ఏళ్లు, కాళ్లకి స్ప్లింట్లు కట్టుకుని నడుస్తుంది, బడికెళ్తుంది, చూసినోళ్లంతా బానే ఉందిగా అంటారు. మా కొంప ముంచింది ఆ మాటే.

సచివాలయంలో స్లాట్ బుక్ చేయడం ఈజీనే, ఆధార్, ఫోన్ నంబర్ చాలు. డేట్ వచ్చింది, పొద్దున్నే ఆటోలో దిగాం, అప్పటికే లైను గేటు దాటింది. ఎముకల డాక్టరు గారు పాపని నాలుగడుగులు నడవమన్నారు, మోకాళ్లు వంచి చూశారు, "నడుస్తోందిగా అమ్మా" అని రాసేశారు. వచ్చింది 36 శాతం. పెన్షన్‌కి 40 కావాలి. అక్క ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

అసలు మా పాపకి కాళ్ల కంటే పెద్ద కష్టం యూరిన్ తెలియకపోవడం, నాలుగ్గంటలకోసారి క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో తీయాలి, బడిక్కూడా అక్కే వెళ్లి తీసొస్తుంది. ఆ సంగతి డాక్టరు అడగలేదు, అక్క చెప్పలేదు. వెనక యాభై మంది నిలబడి వింటుంటే, ఎదిగే ఆడపిల్ల గురించి ఎట్లా చెప్తుందండీ? నేను పక్కనే ఉండి కూడా ఫైలు పట్టుకుని చూస్తా ఉన్నా, తప్పు నాదీ ఉంది.

తర్వాత పాపని చూసే యూరాలజీ డాక్టరమ్మ చెప్పారు, వికలాంగుల హక్కుల 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో స్పైనా బైఫిడాకి విడిగా పేరుండదంట, ఇది లోకోమోటర్, అంటే కాళ్లూచేతుల కదలిక లోపం కింద వెళ్తుందంట, కానీ నరాల వల్ల బ్లాడర్ (మూత్రాశయం) పనిచేయకపోతే దానికి వేరే శాతం వేస్తారంట. ఆవిడే లెటర్ రాసిచ్చారు, బ్లాడర్ ఎట్లా పనిచేస్తుందో చూసే యూరోడైనమిక్ టెస్టు రిపోర్టు, ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, ఎమ్మారై, క్యాథెటర్లు కొన్న బిల్లులతో సహా పైన పెట్టుకుని 2023లో మళ్లీ వెళ్లాం. ఈసారి డాక్టరు వేరే ఆయన. అక్కని నోరు తెరవమనకుండా లెటర్ ఆయన చేతిలో పెట్టా. ఆయన చదివి, బయట జనాన్ని కాస్త జరగమని, పాపని కాదు అక్కని అడిగారు. ఆ ఒక్క పనికే ఒక స్టార్ ఇచ్చా.

బ్లాడర్‌కి 50 శాతం, కాళ్లకి 36 శాతం వేశారు. మేం 86 అనుకుని సంబరపడ్డాం. అట్లా కూడరంట! పెద్ద సంఖ్య 50 అట్లాగే ఉంచి, 90లో మిగిలిన 40ని రెండోదానితో గుణించి 90తో భాగించి కలుపుతారు, 16 వస్తుంది, మొత్తం 66. నేను ఆటోలో ఫోన్ కాలిక్యులేటర్లో రెండుసార్లు చూసుకున్నా, కరెక్టే.

పెన్షన్ 2024 జనవరిలో 3,000తో మొదలైంది, జూలై నుంచి 6,000. ఒకటో తారీఖు ఇంటికే తెచ్చిస్తారు, దీనికి మాత్రం వంక పెట్టలేను. 15,000 అనేది మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనోళ్లకి, మాకు రాదు. ఆదాయం చూస్తారు, పల్లెలో నెలకి 10,000 లోపుండాలి, మాగాణి 3 ఎకరాలు దాటకూడదు, బావది టైలరింగ్ కాబట్టి అడ్డం రాలేదు. మీది జీతం ఇల్లైతే పెన్షన్ ఆశ వదిలేయండి గానీ సర్టిఫికెట్ మాత్రం తీసుకోండి, పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ వేసేవాళ్లకి 80డీడీగా తెలిసిన మినహాయింపు కింద, ట్యాక్స్ లెక్కేసే ఆదాయంలోంచి 75,000 తగ్గుతుంది, 80 శాతం గానీ ఆపైన గానీ ఉంటే 1,25,000.

పోయిన రెండు స్టార్లూ ఎందుకంటే, వికలాంగుల క్యాంపు పెట్టిన చోట ర్యాంపు ముందు బైకులు, లేడీస్ టాయిలెట్ తలుపుకి గొళ్లెం లేదు. నాలుగ్గంటల లైన్లో క్యాథెటర్ టైం రానే వస్తుంది కదా, అక్క లోపల, నేను బయట తలుపు పట్టుకుని నిలబడ్డా. వెళ్లేవాళ్లు ఒక దుప్పటీ, ఒక తాడూ తీసుకెళ్లండి.